కారు సెల్ఫ్ తీసుకోనప్పుడు నా మల్టీమీటర్ ఎంతవరకు పనికొచ్చింది

పసుప్పచ్చ రబ్బరు తొడుగు, చేత్తో నాబ్ తిప్పి రేంజి పెట్టుకునే పాతరకం డిజిటల్ మల్టీమీటర్. ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు కాబట్టి దాని వివరాలన్నీ ఏకరువు పెట్టను. నాకు అందులో నచ్చింది ఒక్కటే. డీసీ (బ్యాటరీ కరెంటు) 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమంటే, కరెంటు ఎక్కడ అడ్డం పడుతోందో అంకెల్లో చూపించేస్తుంది. ఈ ఒక్క పనికే దాన్ని నెత్తిన పెట్టుకుంటాను. మిగతా వాటి గురించి అంత ధీమాగా చెప్పలేను.

మాది కావలి, రొయ్యల గుంటలు జువ్వలదిన్నె వైపు. ఆ ఉప్పుగాలి సంగతి గుంటలున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. గుంట నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల స్టార్టర్ డబ్బాల్లో స్క్రూలు కూడా మిగలవు. మా పాత డీజిల్ కారు సగం రోజులు ఆ గట్ల మీదే పడి ఉంటుంది.

ఒకరోజు తెల్లారుజామున మేత వేయించి ఇంటికి బయల్దేరదామని తాళం తిప్పితే 'టక్' మంది, ఒక్క మూలుగు మూలిగింది, అంతే. పక్క గుంట ఆయన వచ్చి చూసి, "బ్యాటరీ అయిపోయిందన్నా, మార్చెయ్" అన్నాడు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే, "సెల్ఫ్ మోటార్ దింపాల్సిందే, ఎట్లోకట్లా బండిని ఇక్కడికి చేర్చు" అన్నాడు. నాకెందుకో ఇద్దరి మాటా నమ్మబుద్ధి కాలేదు. బ్యాటరీ డౌనైతే టకటకా కొట్టుకుంటుంది, హెడ్‌లైట్లు గుడ్డివైపోతాయి. ఇక్కడ సెల్ఫ్ కొట్టినా లైట్ల వెలుగు పెద్దగా తగ్గలేదు.

మీటర్ తీసి ముందు బ్యాటరీ మీద పెట్టాను. 12.6. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో చూపించేది అంతే. ఆ అంకె ఒక్కటే చూసి బ్యాటరీ మంచిదని అనడానికి లేదు, లోపల సత్తువ లేకపోయినా లోడు పడేదాకా 12.6 చూపించగలదు. అందుకని మేత వేసే కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, హ్యాండ్ బ్రేకు లాగించి, సెల్ఫ్ కొట్టమన్నాను. 11.9కి దిగి అక్కడే నిలబడింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇది అంత పడలేదంటే లాగాల్సినంత కరెంటు మోటారు లాగడం లేదన్నమాట.

ఇక్కడే నా 20 వోల్టుల రేంజి పనికొచ్చింది. నల్ల ప్రోబు (మీటర్ వైరు చివరి సూది) బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర ప్రోబు ఇంజను మీద రంగు లేనిచోట గుచ్చి మళ్లీ కొట్టమన్నాను. మోటారుకి వెళ్లిన కరెంటు ఇంజను, బాడీ మీదుగానే బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొస్తుంది, దాన్నే ఎర్త్ దారి అంటాం. అంటే రెండూ నెగటివే కదా, అర వోల్టు లోపే చూపించాలి. ఆరు దాటింది! బ్యాటరీ ఇచ్చేదాంట్లో సగం ఎర్త్ దారిలోనే పోతోంది.

ఇక ముక్కముక్కగా చూసుకుంటూ వెళ్లాను. పోస్టుకీ దాన్ని పట్టి ఉండే వైరు క్లాంపుకీ మధ్య 0.02, ఫర్వాలేదు. పోస్టు నుంచి బాడీ బోల్టు దాకా 0.1, అదీ బాగానే ఉంది. బాడీకీ గేర్‌బాక్సుకీ మధ్య పెడితే దాదాపు ఆ ఆరూ అక్కడే దొరికింది. బండి కిందికి దూరి సెల్ టార్చి వేసి చూస్తే, జడలా అల్లిన ఎర్త్ పట్టీ బోల్టు కింద పచ్చగా చిలుం పట్టి, గోరు తగిలితే పొడి రాలుతోంది. నాలుగైదు పోగులు మాత్రం మిగిలున్నాయి. జంపర్ వైరు ఒకటి తీసుకుని నెగటివ్ పోస్టుకీ ఇంజను ఎత్తే కొక్కేనికీ కలిపి తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. ఆ పట్టీ ఖరీదు బ్యాటరీ ధరలో పదో వంతు కూడా లేదు.

కొన్న కొత్తలో దీని బజర్‌ని తెగ మెచ్చుకునేవాణ్ని. వైరుకి అటూ ఇటూ పెడితే 'కీ' మని మోగుతుంది కదా. ఆ చిలుం పట్టిన పట్టీకి పెట్టినా అలాగే మోగింది. తూములో వేలంత కంత ఉన్నా నీళ్లు కారతాయి గానీ దాంతో గుంట నిండదు కదా, ఇదీ అంతే. బజర్ పంపేది నామమాత్రపు కరెంటు, సెల్ఫ్ మోటారుకి కావాల్సింది వందా రెండొందల ఆంపియర్లు. కాబట్టి ఇప్పుడు బజర్‌ని ఫ్యూజులు చూసుకోడానికే వాడుతున్నాను.

ఇంకొన్ని తిట్లు కూడా ఉన్నాయి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే ఇది అంకెలు ఎక్కువ చేసి చూపిస్తుంది. పాడైన బ్యాటరీని కూడా మంచిదనేస్తుంది, తెర మీద బ్యాటరీ గుర్తు కనబడగానే మార్చాల్సిందే. తెర లైటేమో మనం వంగి చూసేలోపే ఆరిపోతుంది. బండి ఆపి ఉన్నా రాత్రుళ్లు బ్యాటరీ కరెంటు ఏది తాగేస్తోందో కనుక్కోడానికి 10 ఆంపియర్ల రంధ్రంలో ఎర్ర వైరు పెట్టి, బ్యాటరీ వైరు విప్పి ఆ మధ్యలో మీటర్‌ని కలుపుతాం. కారు పూర్తిగా నిద్రపోయాక 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సాధారణం. కానీ అలా కలిపి ఉన్నప్పుడు ఎవరైనా తాళం తిప్పి సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష పెట్టుకోకండి.

అందరూ కొనుక్కోవాలా అంటే చెప్పలేను. నా కారు పాతది, తాళంతో తిప్పేది, తిరిగేది ఉప్పుగాలిలో, మెకానిక్ రావాలంటే సగం పూట పోతుంది. నెల్లూరులో ఉండే మా బావది పుష్ బటన్ కారు, ఇంటి సందు చివరే ఎలక్ట్రీషియన్. ఆయనకైతే కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానరే ముందు అవసరం, దీంతో కీలోని బిళ్ల బ్యాటరీ చూసుకోడం తప్ప పెద్ద పనేం ఉండదు. నేను మళ్లీ కొంటే మాత్రం కొంచెం రేటెక్కువైనా వైరు చుట్టూ పట్టుకారులా వేసి డీసీ ఆంపియర్లు చూసుకునే క్లాంప్ మీటర్ తీసుకుంటాను. అడిగి మరీ తీసుకోవాలి, చవకవాటిలో చాలావాటికి క్లాంపు ఏసీకే (ఇంటి కరెంటుకే) పనిచేస్తుంది, కారు బ్యాటరీ వైరు చుట్టూ వేస్తే సున్నా చూపిస్తుంది.