‘రియల్ టైమ్’ పేరుతో అమ్మే పాత కంప్యూటర్లు కొనేవారు జాగ్రత్త

శ్రీకాకుళంలో పాత ఫ్యాక్టరీ కంప్యూటర్లు బాగుచేసి అమ్మే దుకాణం ఏదో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. పలాసలోని మా జీడిపప్పు షెడ్డులో మచ్చపప్పు ఏరే యంత్రం కోసం అక్కడ ‘రియల్ టైమ్ లినక్స్’ (ప్రతి పనినీ దాని గడువులోపే చేసేలా అమర్చిన ఆపరేటింగ్ సిస్టమ్) ఉందన్న పెట్టెను 18,500 రూపాయలకు కొన్నాను.

కెమెరా మచ్చను పట్టిన 3 మిల్లీసెకన్లకు గాలి వాల్వు తెరుచుకోవాలి. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారే పప్పు సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగం అందుకుంటుంది కాబట్టి, 10 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 2 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక గుండు (విరగని పప్పు) పొడవు, కిందికి దాటిపోతుంది. నిన్న మచ్చపప్పు మంచి డబ్బాలో పడి, దాని వెనుక వచ్చిన తెల్లటి గుండు గాలికి ఎగిరి ఏరివేత బుట్టలో పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

రాత్రంతా నా ప్రోగ్రామునే అనుమానించాను. తెల్లవారుజామున లినక్స్ తన టైమర్ల వివరాలు చూపే టైమర్ లిస్ట్ ఫైలు (/proc/timer_list) తెరిస్తే, రిజల్యూషన్, అంటే టైమర్ పాటించగల అతి చిన్న వ్యవధి, 1 నానోసెకను ఉండవలసిన చోట 1,00,00,000, అంటే 10 మిల్లీసెకన్లు, అని ఉంది. అంటే సెకనుకు 100 సార్లు కొట్టే సిస్టమ్ టిక్కు వచ్చేదాకా ఏ టైమరూ మేలుకోదు. లినక్స్ 2007లోనే, 2.6.21 నుంచి, మామూలు పీసీల మీద కూడా ఈ టిక్కుతో పని లేకుండా ప్రతి గడువుకూ హార్డ్‌వేర్ టైమర్‌ను విడిగా అమర్చగలుగుతోంది. ఈ పెట్టెలో దానిని బూట్ లైనులో (మెషిన్ మొదలయ్యేటప్పుడు లినక్స్‌కు ఇచ్చే ఆదేశాల వరుసలో) ‘హైరెస్ ఆఫ్’ (highres=off) అని రాసి ఆపేశారు.

పొద్దున్నే పెట్టె పట్టుకుని వెళితే, యజమాని తెర మీది గడియారం చూపించి, “టైము సరిగానే ఉంది కదా మాస్టారూ” అన్నాడు. బూట్ లైను చూపించిన తరువాత, నలుగురి ముందు, గొంతు కూడా తగ్గించకుండా, “అది తీస్తే మెషిన్ హ్యాంగ్ అవుతుంది, అందుకే మేమే పెట్టాం, కొనేవాళ్లు అంత లోపలికి చూస్తారా?” అన్నాడు. తెలిసి అమ్మాడన్న ఆ మాటే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఒక్క నిమిషం ఆ ఫైలు చూడకుండా నోటిమాట నమ్మి డబ్బు కట్టడం నా తప్పే.

కొనేవారు డబ్బు ఇవ్వకముందే ఆ ఫైలు తెరిపించండి. రిజల్యూషన్ 1 అని కనిపించినా, పూర్తి లోడు పెట్టి, టైమర్లు ఎంత ఆలస్యంగా మేలుకుంటున్నాయో కొలిచే సైక్లిక్‌టెస్ట్ (cyclictest) ప్రోగ్రామును అరగంట నడిపించి, గరిష్ఠ ఆలస్యం ఎంతో మీ కళ్లతో చూడండి.