నేవీ నుంచి దిగాక డిగ్రీ: కాలేజీకి వెళ్లాలా, డిస్టెన్స్‌లో కట్టాలా?

"అన్నా, డిశ్చార్జ్ వచ్చేసింది. డిగ్రీ చేద్దామనుంది. రెగ్యులర్‌కి వెళ్లమంటావా, డిస్టెన్స్‌లో కట్టమంటావా?"

మల్కాపురం నుంచి, మర్రిపాలెం నుంచి, గాజువాక నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కదా, పదిహేనేళ్లు చేసి ముప్పై అయిదుకే పెన్షన్‌తో దిగినవాళ్లకి వైజాగ్‌లో కొదవ లేదు. 2022 చివర్లో చేరిన మొదటి అగ్నివీర్ బ్యాచ్‌కి 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. ఫోన్లు ఇంకా పెరుగుతాయి. నేను రెండూ చూశాను. ఒకటి మధ్యలో వదిలేశాను, ఒకటి పూర్తి చేశాను.

సర్టిఫికెట్ విలువ దగ్గర తేడా వెతక్కండి. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీకి మన ఊళ్లోనే రీజినల్ సెంటర్ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీకి (ఏయూ) సొంత దూరవిద్య విభాగం ఉంది. ఫీజు తక్కువ, సర్వీసులో ఉండగానే కట్టొచ్చు. దిగిన వెంటనే ఉద్యోగం దొరికినవాడు, ఇంటి లోను నడుస్తున్నవాడు డిస్టెన్స్‌లోనే కట్టాలి. పగలు కాలేజీలో కూర్చోవడం వాడి వల్ల అయ్యే పని కాదు.

నేనూ మొదట అదే కట్టాను. పుస్తకాల పార్సిల్ వచ్చిన రోజు అట్టలు కూడా వేశాను. తర్వాత అవి బీరువా పైకెక్కాయి. ఆదివారం కాంటాక్ట్ క్లాసుకి వెళ్తే ఆరుగురం ఉన్నాం. లెక్చరర్ వచ్చి "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అన్నారు. పుస్తకం తెరిస్తే కదా డౌట్లు రావడానికి! ఆ సెంటర్‌ని తప్పుపట్టను. నా ఇబ్బంది వేరే చోట ఉంది.

షిప్‌లో రోజూ సాయంత్రం డైలీ ఆర్డర్స్ వస్తాయి. రేపు ఎన్నింటికి లేవాలి, ఏ డ్రెస్సు, ఎవరి డ్యూటీ ఎక్కడ, అన్నీ అందులోనే. పదిహేనేళ్లు ఆ కాగితం మీద బతికినవాడికి ఒక రోజు నుంచి ఆ కాగితం రాదు. పొద్దున మూడూ ముప్పావుకి మార్నింగ్ వాచ్‌కి, అంటే నాలుగింటి డ్యూటీకి లేచినట్టు మెలకువ వచ్చేది. ఎనిమిదిన్నరకి పిల్లలు స్కూలుకి, ఆవిడ పనికి. ఇస్త్రీ చేసిన చొక్కాలనే మళ్లీ ఇస్త్రీ చేసేవాణ్ని. సాయంత్రం పిల్లాడు బూట్లు వంకరగా విడిస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ని. ఒకరోజు మా ఆవిడ మెల్లగా అంది: "మీకు పుస్తకాలు కాదండీ కావాల్సింది, పొద్దున్నే వెళ్లడానికి ఓ చోటు."

నా లెక్కలో తేల్చేది ఈ ఒక్క మాటే. డిస్టెన్స్ అంటే అదే గదిలో ఇంకో నాలుగు గంటలు. కాలేజీ అంటే బస్సు, టైమ్ టేబుల్, నేవీ సంగతులు బొత్తిగా తెలియని మనుషులు.

మొదటి రోజు లెక్చరర్ గారు లోపలికి రాగానే నేను లేచి అటెన్షన్‌లో నిలబడ్డాను, పిడికిళ్లు ప్యాంటు కుట్టుకి ఆనించి. వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారు. ఆవిడ నాకంటే చిన్నది. "కూర్చోండి సార్" అంది, నేను "యెస్ మేడమ్" అన్నాను, క్లాసంతా మళ్లీ నవ్వు. ఆ రోజు నుంచి నేను అందరికీ అంకుల్‌ని. ఓ నెల చిరాకు పడ్డాను. పదిహేనేళ్లు సంపాదించుకున్న ర్యాంకు పోయి 'అంకుల్' మిగిలింది మరి! కానీ రోజూ రాత్రి ఎనిమిదింటికి క్లాసు గ్రూపులో ఓ కుర్రాడు పెట్టేవాడు: "రేపు 9.30 అకౌంట్స్, రెండో పీరియడ్ లేదు, అంకుల్ రికార్డు తెండి." నా డైలీ ఆర్డర్స్ మళ్లీ మొదలయ్యాయి.

అన్ని కాలేజీలూ ఇలా ఉండవు. చేరే ముందు ఆఫీసుకి వెళ్లి, హాజరు 75 శాతం కంటే తగ్గితే ఎవరితో మాట్లాడాలో అడగండి. ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో పెన్షన్ ఆగిపోతుంది, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో పొద్దంతా పోతుంది. అలాంటి రోజు ఎవరి దగ్గరికి వెళ్లాలో పేరు చెప్పే కాలేజీ మంచిది, "నోటీసు బోర్డు చూసుకోండి" అనేది కాదు. నాకు మా కామర్స్ మేడమే దిక్కయ్యారు. ఇంకోటి, ఆగస్టు 15కీ డిసెంబరు 4 నేవీ డేకీ శాలువా కప్పి మైకు ఇచ్చే చోట, మిగతా రోజుల్లో మీరెలా ఉన్నారో అడిగేవాళ్లు ఉన్నారో లేదో చూడండి. నిద్ర పట్టకపోతే, కోపం చేయిదాటితే కాలేజీ కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరు మానసిక ఆస్పత్రి పేరెత్తితే చుట్టాలేమనుకుంటారోనని భయపడేవాళ్లకి ఫోన్ సులువు.

అమెరికాలో 1944లో, యుద్ధం నుంచి వచ్చిన సైనికుల చదువుకి సాయం చేసే జీఐ బిల్ తెచ్చారు, 1947 నాటికి కాలేజీల్లో చేరినవాళ్లలో దాదాపు సగం మంది యుద్ధం నుంచి వచ్చినవాళ్లే. ఇప్పుడు అక్కడ చాలా క్యాంపస్‌లలో వాళ్లకంటూ ఓ గది, ఓ మనిషి ఉంటారు. మన దగ్గర సైనిక కుటుంబాలకిచ్చే సీట్ల కోటా (క్యాప్) పిల్లలకి, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పిల్లలకీ వితంతువులకీ. మంచిదే. తండ్రి కూడా చదువుకోవచ్చన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

మిగతా దారులు రెండు ముక్కల్లో. పదిహేనేళ్ల సర్వీసుకి ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్ సి లాంటి ఉద్యోగాల దరఖాస్తుకి పనికొస్తుంది, అది చూపించి పీజీలో చేరదామనుకోకండి. సైనికుల పునరావాస విభాగం (డీజీఆర్) ఇచ్చే కోర్సు దిగేముందే చేసేసుకోండి, డిగ్రీకి అది అడ్డు కాదు. బ్యాంక్ కోచింగ్ ఓపిక ఉంటే.

అగ్నివీర్ తమ్ముళ్లకి నా సలహా వేరు. మీరు పాతికకి అటూ ఇటూగా దిగుతారు, మిమ్మల్ని ఎవరూ అంకుల్ అనరు. మీ కోసం పెట్టిన ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు ట్రైనింగ్ నుంచే వస్తాయి, దాన్ని వదులుకోకండి. అది ముగించి పీజీసెట్ రాసి ఏయూ క్యాంపస్‌లో పీజీకి రండి. దిగేటప్పుడు చేతికొచ్చే సేవానిధి డబ్బుతో కారు కొనేశాక ఈ మాట చెప్పినా ఉపయోగం లేదు.

ముప్పై అయిదు దాటి, ఇల్లు పెన్షన్‌తో నడిచిపోతున్నవాళ్లు మాత్రం రెగ్యులర్‌కే వెళ్లండి. రాష్ట్రంలో డిగ్రీకి నాలుగో ఏడు పెట్టారు గానీ మూడేళ్లకి బయటికి రావచ్చు. ఇంటర్ లేకుండా మెట్రిక్ మీద చేరినవాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్ కానివ్వాలి. ఇంటర్ ఉన్నవాళ్లు ఒరిజినల్ మెమో ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. నాది నల్ల ట్రంకు పెట్టెలో, పాత వైట్ యూనిఫాం మడతల్లో దొరికింది, అడ్మిషన్ ఆఖరి రోజు మధ్యాహ్నం.