కప్పులో చాయ్ వణుకుతోందా? ఫ్లిప్, ఏపిక్, స్మూతింగ్: ఏది మేలు?

అమీర్‌పేటలో బ్లెండర్ (3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్) నేర్చుకునే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, చాయ్ పోయడం అయిపోయినా కప్పులో పైభాగం ఉడుకుతున్నట్టు వణుకుతూనే ఉంది. స్మూతింగ్ పెంచాలా, విస్కాసిటీ పెట్టాలా, ఏపిక్‌కి మారాలా?" ఫ్లిప్, ఏపిక్ అంటే ద్రవం కదలికను లెక్కగట్టే రెండు పద్ధతులు. స్మూతింగ్ అంటే పైభాగాన్ని నునుపు చేసే సెట్టింగ్, విస్కాసిటీ అంటే చిక్కదనం.

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు వణుకు ఎక్కడుందో చూడండి. ద్రవం లెక్క పార్టికల్స్ అనే చుక్కలతో జరుగుతుంది, వాటి మీద కప్పే పైపొరే మెష్, లెక్కను ముందే చేసి దాచుకోవడమే బేక్. మెష్ బేక్‌ని ఫ్రీ చేసి, మెష్ టిక్ తీసేసి, పార్టికల్స్ మాత్రమే ప్లే చేయండి. అవి కుదురుగా ఉంటే తప్పు మెష్‌ది. అవే కదులుతుంటే సాల్వర్‌ది, అంటే కదలికను లెక్కగట్టే భాగానిది. నా దృష్టిలో అసలు నిర్ణయం ఇక్కడే జరిగిపోతుంది.

తప్పు మెష్‌దైతే స్మూతింగ్ చాలు. క్యాష్ (బేక్ దాచే చోటు) టైప్ మాడ్యులర్‌లో ఉండి, రిజ్యూమబుల్ టిక్ పెట్టి బేక్ చేసుంటే, డేటా (పార్టికల్స్ లెక్క) జోలికి పోకుండా మెష్ ఒక్కటే మళ్లీ బేక్ చేసుకోవచ్చు, టైమ్ కలిసొస్తుంది. కానీ అతిగా పెంచితే కెటిల్ నుంచి పడే సన్నటి ధార అరిగిపోతుంది.

సాల్వర్‌దైతే స్మూతింగ్ ఎంత రుద్దినా లాభం లేదు, కింద కదలిక అలాగే ఉంటుంది. ఫ్లిప్‌లో ప్రతి పార్టికల్ తన వేగాన్ని తనే మోసుకుంటూ, గ్రిడ్‌లో (స్థలాన్ని విడగొట్టే చిన్న గదుల అల్లికలో) వచ్చిన మార్పును మాత్రం కలుపుకుంటుంది. అందుకే చిందులు బ్రహ్మాండంగా వస్తాయి. గ్రిడ్‌కి అందనంత చిన్న కదలికలు చల్లారకుండా మిగిలిపోయేదీ అందుకే. ఏపిక్ వేగాన్ని గ్రిడ్ నుంచే తీసుకుంటుంది కాబట్టి ఆ రొద అణిగిపోతుంది. పార్టికల్ చుట్టూ వేగం ఎలా మారుతోందో కూడా గుర్తుపెట్టుకుంటుంది గనక సుడులు చచ్చిపోవు. 2015లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వచ్చిన ఈ పద్ధతి బ్లెండర్‌లోకి 2.92 వెర్షన్‌తో, అంటే 2021లో చేరింది. కప్పు, గిన్నె, బకెట్ లాంటి వాటికి నేను ఏపిక్ వైపే. డేటా మొత్తం మళ్లీ బేక్ చేయాల్సి వచ్చినా సరే, రాత్రి పెట్టి పడుకోండి.

షాట్ మొదట్లోనే నిండు కప్పు కనబడాలంటే, ముందు కొన్ని ఫ్రేములు నీళ్లు స్థిరపడటానికి వదిలి, వాటిని ఎడిట్‌లో కోసేయండి. చాలామంది దీన్ని వదిలేసి సాల్వర్‌ని తిడతారు.

విస్కాసిటీ వద్దు. వణుకుతో పాటు చాయ్ కూడా చిక్కబడిపోతుంది. రిజల్యూషన్ రెట్టింపు చేస్తే గ్రిడ్ గదులు ఎనిమిది రెట్లవుతాయి, వణుకు మాత్రం పోతుందన్న నమ్మకం లేదు. హుస్సేన్ సాగర్ లాంటి నీటికైతే సిమ్యులేషనే అక్కర్లేదు, అలలను నేరుగా పుట్టించే ఓషన్ మాడిఫయర్ సరిపోతుంది.

ఏపిక్‌లో పోసేటప్పటి చిందులు మరీ పేలవంగా అనిపిస్తే మాత్రం ఫ్లిప్‌కే వెళ్లండి. ఫ్లిప్ పాలు ఎంతో చెప్పే రేషియో డిఫాల్ట్‌గా 0.97 ఉంటుంది. వణుకు అణిగేలా దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తక్కువ రిజల్యూషన్‌లో చూసుకున్నాకే ఫైనల్ బేక్ పెట్టండి.