కొలిచాకే విప్పే చోటు: ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ వైరింగ్ పని

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ దుకాణాలకు కొదవ లేదు గానీ, బ్యాటరీ ఛార్జింగ్‌కు డైనమో వాడే పాత కారును తీసుకువెళితే చాలాచోట్ల మొదట వినిపించే మాట ‘వైరింగ్ మొత్తం మార్చేద్దాం’ అన్నదే. నేను నా అంబాసిడర్ మార్క్ 2ను అప్పగించిన చిన్న షెడ్డులో మాత్రం మీటరు పెట్టి చూడకుండా ఒక్క వైరునూ కత్తిరించలేదు. ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం అదే.

పని మొదలుపెట్టే ముందు మేస్త్రి అడిగిన తొలి ప్రశ్న, బాడీకి కలిపి ఉన్నది ప్లస్సా మైనస్సా అని. పాత బ్రిటిష్ తరహా కార్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలపడం, మామూలే గనుక, ఆ సంగతి తేల్చుకోకుండా బ్యాటరీ బిగిస్తే కొత్తగా అమర్చిన మ్యూజిక్ సిస్టమ్ వంటివి కాలిపోతాయి. నా కారును ఎప్పుడో మైనస్‌కు మార్చారని ఆయనే చూసి నిర్ధారించుకున్నారు.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ మందగించడం, వెనుక దీపాలు మసకబారడం నా మొదటి ఫిర్యాదు. బ్రేకు తొక్కించి ఉంచి, మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ, రెండో కొసను వెనుక దీపపు లోహపు భాగానికీ ఆనించి చూస్తే, సున్నాకు దగ్గరగా ఉండవలసిన రీడింగ్ రెండు వోల్టులు దాటింది. తుప్పు పట్టిన ఎర్త్ (దీపం బాడీకి కలిసే చోటు) గుండా తిరిగి పోలేని కరెంటు పక్క బల్బుల ఫిలమెంట్ల గుండా దారి వెతుక్కుంటుందని, అందుకే ఒక దీపం వెలిగితే మరొకటి మసకబారుతుందని ఆయన ఓపికగా వివరించారు. మామూలు ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది కాబట్టి ఇది చిన్న లోపమేమీ కాదు. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, ఇంజన్‌కూ బాడీకీ మధ్యనున్న ఎర్త్ పట్టీని కూడా మార్చిన తరువాత రెండు ఇబ్బందులూ పోయాయి.

కారు ఊరికే నిలిచి ఉన్నా బ్యాటరీ దిగిపోవడం అంతకంటే చిక్కు సమస్య. బ్యాటరీ తీగ విప్పి మధ్యలో అమ్మీటర్ పెడితే, అన్నీ ఆపి ఉన్నా దాదాపు 300 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తున్నాయి. అంటే రోజుకు ఏడు ఆంపియర్-అవర్లకు పైగా నష్టం. ఈ కారులో ఉన్నవి రెండే ఫ్యూజులు. రెండూ తీసినా ప్రవాహం ఆగకపోవడంతో, తప్పు ఫ్యూజులకు ఇవతల, బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే గోధుమరంగు వైర్లలో ఉందని తేల్చారు. వెతికితే, గతంలో ఎవరో మ్యూజిక్ సిస్టమ్‌కు ఆ వైరును చెక్కి, మెలిపెట్టి, టేపు చుట్టిన జాయింటు బయటపడింది. కారుతో వచ్చిన వైరింగ్‌లో దోషమేమీ లేదు.

ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఛార్జింగ్ దీపం వెలగడాన్ని చూసి మరొకచోట డైనమో మార్చమన్నారు. ఇక్కడ డైనమో వైర్లు విప్పి, దాని డి (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ కాయిల్‌ది) టెర్మినళ్లను కలిపి, వేగం మెల్లగా పెంచుతూ వోల్టేజీ చూసి, అది నిక్షేపంగా ఉందని చెప్పారు. డైనమోకు ఐడిల్‌లో ఆ దీపం వెలగడం సహజమే. డైనమోను బ్యాటరీకి కలిపి, విడదీసే కటౌట్ అనే స్విచ్చి పాయింట్ల మసి తుడిచి ఊరుకున్నారు.

మెచ్చని సంగతులూ ఉన్నాయి. గోధుమరంగు వైరు ముక్క మార్చిన చోట ఎర్ర వైరు వేశారు. బ్రిటిష్ కంపెనీ లూకాస్ వైర్ల రంగుల పద్ధతిలో ఎరుపు పార్కింగ్, టెయిల్ దీపాలది. రేపు మరో మేస్త్రి ఆ రంగును నమ్మి తప్పుదారి పడతాడు. అడిగితే ఆ రంగు దొరకలేదన్నారు, కనీసం చీటీ అయినా కట్టి ఉండవలసింది. లోపం వెతికినందుకు విడిగా రుసుము తీసుకోవడం కొందరికి కష్టంగా తోచవచ్చు గానీ, అక్కరలేని డైనమో ధరతో పోలిస్తే అది నాకు న్యాయంగానే అనిపించింది. రాతపూర్వక బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు. షెడ్డులో ఒకేసారి ఒక కారుకే చోటుంది కనుక ముందుగా మాట్లాడుకుని, దొరికితే మీ మోడల్ వైరింగ్ పటం ప్రతిని వెంట తీసుకువెళ్లండి. ఆయన దానిని నిజంగానే ముందు పెట్టుకుని పని చేస్తారు.