ఆఫీసు పార్కింగ్‌లో, కారులో గన్: టెక్సస్, కాలిఫోర్నియా, మిసిసిపీ... ఏ పద్ధతి మేలు?

అమెరికాలో ఒక ఉద్యోగి తన గన్‌ను సొంత కారులో పెట్టి, తాళం వేసి ఆఫీసు లోపలికి వెళ్లవచ్చా? రాష్ట్రాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఆఫీసు గదుల్లోకి తేవద్దంటే పెద్దగా గొడవ ఉండదు. తగాదా అంతా బయట పార్కింగ్ లాట్ దగ్గరే. స్థలం కంపెనీది, కారు ఉద్యోగిది. మరి ఎవరి మాట చెల్లాలి?

ఈ తగాదా ముదిరింది ఓక్లహోమాలో. 2002లో వాలియంట్ అనే ఊళ్లోని కాగితపు మిల్లులో కుక్కలతో కార్లు వెతికించి, గన్‌లు దొరికిన పలువురిని ఉద్యోగంలోంచి తీసేశారు. వేటకు వెళ్లడం మామూలైన ఊళ్లవి. జనం మండిపడ్డారు, 2004లో రాష్ట్రం ఉద్యోగుల పక్షాన చట్టం చేసింది. పెద్ద కంపెనీలు కోర్టుకెక్కితే 2007లో ఫెడరల్ జిల్లా కోర్టు ఆ చట్టాన్ని ఆపింది. 2009లో అప్పీలు కోర్టు మళ్లీ నిలబెట్టింది.

టెక్సస్ చట్టం 2011 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. చట్టప్రకారం గన్ ఉన్న ఉద్యోగి దాన్ని తాళం వేసిన సొంత వాహనంలో ఉంచుకుంటే కంపెనీ వద్దనకూడదు. కంపెనీ ఇచ్చిన కారుకు ఇది వర్తించదు, కొన్ని రసాయన, చమురు శుద్ధి కర్మాగారాలకు మినహాయింపులున్నాయి. ఫ్లోరిడా 2008 చట్టం ఇంకా ముందుకెళ్లి, కారులో గన్ ఉందా అని ఉద్యోగిని అడగడాన్ని కూడా నిషేధించింది.

ఈ పక్షం వాదనను నేను తేలిగ్గా తీసుకోను. రాత్రి షిఫ్ట్ ముగించుకుని రెండింటికి ఒంటరిగా ఇంటికి వెళ్లే నర్సును తలచుకోండి. దారిలో భయం ఉండి ఆమె గన్ పెట్టుకుంటే, దాన్ని మధ్యలో ఎక్కడా వదిలి రాలేదు. లాట్‌లో వద్దంటే దారంతా వద్దన్నట్టే.

కానీ టెక్సస్ చట్టంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. కారుకు తాళం వేస్తే చాలు. గన్ సీటు కింద ఉన్నా, గ్లవ్ బాక్సులో ఉన్నా సరే. దొంగకు అద్దం పగలగొట్టడం ఎంతసేపు? కార్లలోంచి పోయిన గన్‌లు తర్వాత ఎవరి చేతికి చేరతాయో ఎవరూ చెప్పలేరు.

కాలిఫోర్నియాలో ఇలాంటి పార్కింగ్ చట్టం లేదు. స్థలం ఎవరిదో నిర్ణయం వాళ్లదే. కంపెనీ వద్దంటే వద్దు. పైగా, ఎవరూ లేని కారులో చేతి తుపాకీ వదిలితే దాన్ని డిక్కీలో వేసి తాళం పెట్టాలి, లేదా బయటికి కనబడకుండా తాళం ఉన్న పెట్టెలో ఉంచాలి. దొంగతనం విషయంలో ఇది టెక్సస్ కన్నా ఎంతో మేలు. కంపెనీల భయానికీ ఆధారం లేకపోలేదు. నార్త్ కరోలినా పని స్థలాలపై 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, గన్‌లను అనుమతించిన చోట ఉద్యోగుల హత్యల ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువని తేలింది. అయితే అది కార్ల గురించి మాత్రమే చేసింది కాదు, కాబట్టి లాట్ తగాదాకు దాన్ని నేరుగా అంటగట్టలేం.

నేను మొగ్గేది మిసిసిపీ వైపు. అక్కడ 2006 చట్టం మొదట ఉద్యోగి పక్షమే. కానీ గేటో, సెక్యూరిటీ పోస్టో పెట్టి బయటివాళ్లను రానీయని లాట్ అయితే, కంపెనీ గన్ వద్దనవచ్చు. అంటే కాపలా బాధ్యత తీసుకున్నవాళ్లకే వద్దనే అధికారం. ఎవరైనా వచ్చిపోయే లాట్‌లో ఉద్యోగిని వదిలేసి, గన్ మాత్రం తేవద్దనే వీల్లేదు. గేటున్న లాట్‌లో కారు పెట్టే నర్సు దారిలో పడే భయాన్ని ఇదీ తీర్చదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. తాళం పెట్టె షరతు కూడా కలిపి ఉంటే ఇంకా బాగుండేది.

ఉద్యోగం పోతే ఏం చేయాలన్నది కూడా చూడాలి. టెన్నెసీలో 2013 చట్టం కారులో గన్‌ను నేరం కాదంది గానీ, ఆ కారణంతో ఉద్యోగం తీసేస్తే దావా వేసే దారి చూపలేదు. 2015లో గానీ ఆ హక్కు రాలేదు. మిసిసిపీలో అలా తీసేస్తే దావా వేయవచ్చని ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు 2016లో చెప్పింది.

డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం ముందు ఫెడరల్ చట్టం చూసుకోవాలి. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అది వాళ్లకు గన్‌నూ తూటాలనూ దగ్గర ఉంచుకోవడమే నేరంగా చూస్తుంది. టెక్సస్ పార్కింగ్ చట్టం కాపాడేది చట్టప్రకారం గన్ ఉన్నవాళ్లనే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ ఫెడరల్ వీసా నిషేధం లేదు. అయినా పోస్టాఫీసుకు వెళ్లేటప్పుడు గన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. అక్కడి పార్కింగ్‌లోనూ ఫెడరల్ నిషేధం ఉంది, 2015లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది.