ముడతలు పోగొట్టే కొల్లాజెన్ పొడి కొంటున్నారా? ముందు డబ్బా వెనక చదవండి

ఉదయం కొల్లాజెన్ (చర్మంలో ఉండే ఒక ప్రోటీను) పొడి అమ్మే కంపెనీ వాళ్ళతో ఫోనులో మాట్లాడినప్పటి నుంచి కోపం తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. వాళ్ళు మీకు తెలిసే ఉంటారు. "చక్కెర మీ ముఖానికి వయసు పెంచుతోంది" అనే ప్రకటన ఫోను తెరిస్తే చాలు, ఎదురుగా ఉంటుంది. నాకు 43 ఏళ్ళు. కళ్ళ కింద గీతలు చూసి భయపడి, మూడు నెలల పొడికి 5,400 రూపాయలు ముందే కట్టేశాను.

రెండు నెలలు పరగడుపున తాగాను. గీతలు అలాగే ఉన్నాయి. గడ్డం మీద మాత్రం కాలేజీ రోజుల తరువాత ఎన్నడూ లేని మొటిమలు వచ్చాయి. నిన్న మా ఆడపడుచు రుచి చూసి, "ఇంత తియ్యగా ఉందేమిటి వదినా?" అంటూ డబ్బా తిప్పింది. ముందువైపు పెద్ద అక్షరాలతో "చక్కెర కలపలేదు". వెనక, కళ్ళజోడు పెట్టుకున్నా అందని అక్షరాలతో పదార్థాల పట్టిక. అందులో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. మన దేశంలో ఈ పట్టికను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. అంటే డబ్బాలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది అదే. కొల్లాజెన్ మూడోది! మాల్టోడెక్స్‌ట్రిన్ మొక్కజొన్న వంటి వాటి పిండి నుంచి తీసే పొడి. పట్టికలో చక్కెరల లెక్కలోకి రాదు గానీ, లోపలికి వెళ్ళాక త్వరగా గ్లూకోజుగా విడిపోయి రక్తంలో చక్కెరను పెంచుతుంది.

ఫోను చేస్తే, కొనేటప్పుడు మాట్లాడిన అమ్మాయే ఎత్తింది. గొంతు గుర్తుపట్టాను. అప్పుడు మాటకు ముందొక అక్కా, వెనకొక అక్కా. "మీ చర్మం సంగతి నాకు వదిలేయండి అక్కా" అంది. ఈసారి నేను మేడమ్ అయ్యాను. పట్టికలో ఉన్నదంతా చదివి వినిపించాను. అంతా విని, "ఈ వయసులో ముడతలు రాక ఇంకేమి వస్తాయి మేడమ్? పొడి తాగితే పదహారేళ్ళ పిల్ల అయిపోతారనుకున్నారా?" అంది. పక్కన ఎవరో నవ్వడం వినిపించింది. నాకు నోట మాట రాలేదు. ఇవి వయసు ముడతలు కావు, చక్కెర ముడతలు అని రెండు నెలల కిందట అరగంటసేపు నాకు నూరిపోసింది ఆ గొంతే. డబ్బు పోయినందుకు కన్నా ఆ నవ్వుకే నాకు ఎక్కువ ఏడుపు వచ్చింది.

మధ్యాహ్నం చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు చూపిన భయం నిజమైనదేనట, అది విని ఇంకా మండింది. రక్తంలోని చక్కెర చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌కు అతుక్కుని, పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అప్పుడు చర్మం సాగే గుణం పోయి బిరుసెక్కుతుంది. పెనం మీద దోసెను ఎర్రబరిచే చర్యే ఒంట్లో ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుందన్నమాట. మధుమేహానికి చేసే మూడు నెలల సగటు చక్కెర పరీక్ష కొలిచేది కూడా ఇలా ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరనే. ఎర్ర రక్తకణాలు నాలుగు నెలల్లో మారిపోతాయి. చర్మంలోని కొల్లాజెన్ సగం మారడానికే సుమారు 15 ఏళ్ళు పడుతుంది. పడిన ముడులను విప్పే పొడి ఏదీ లేదని డాక్టరు గారు తేల్చి చెప్పారు. మనం తాగే కొల్లాజెన్ కూడా పొట్టలో ముక్కలుగా అరిగిపోతుంది, నేరుగా బుగ్గల్లోకి వెళ్ళి కూర్చోదు. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తిండితో మొటిమలు పెరగవచ్చనీ, ముడతలకు చక్కెర కన్నా ఎండే పెద్ద కారణమనీ చెప్పారు. ఎండ మాట ఆ ప్రకటనలో ఎక్కడా లేదు.

నా తప్పు కూడా చెప్పాలి. పొడి ఉంది కదా అన్న ధైర్యంతో టీలో పంచదార తగ్గించలేదు. ఓణీల వేడుకలో నాలుగు బొబ్బట్లు తిన్నాను. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలు, చెంచాకు 4 గ్రాములు వేసుకున్నా 32 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలంటుంది. ఆ డబ్బు కట్టేముందు ఈ లెక్క వేసుకోవలసింది నేనే.

కొనేవాళ్ళు పట్టికలో మొదటి మూడు పేర్లు చదవండి. మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ, దానిలాగే రక్తంలో చక్కెరను పెంచే డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ సిరప్ గానీ కనిపిస్తే వదిలేయండి. మూడు నెలల పొడికి ఒకేసారి ముందే డబ్బు కట్టకండి. 1915 వినియోగదారుల సహాయ నంబరుకు ఫిర్యాదు చేశాను. మూడో డబ్బా మూత తీయకుండా ఉంచాను. డబ్బు తిరిగి ఇస్తే ఆ సంగతి కూడా రాస్తాను.