జాక్సనా, హ్యూస్టనా? సరిహద్దు ప్లీడర్లలో ఎవరు మేలు?

అమెరికా చరిత్ర చదవడం మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆండ్రూ జాక్సన్, శామ్ హ్యూస్టన్ ఇద్దరూ టెన్నెసీలో ప్లీడర్లుగా పైకొచ్చినవాళ్లే, ఇద్దరూ జనరళ్లే, ఇద్దరూ అధ్యక్షులే కదా, వీళ్లలో ఎవరు మేలు, ఎవరితో మొదలుపెట్టాలి అని. జాక్సన్ అమెరికాకు ఏడో అధ్యక్షుడనీ, హ్యూస్టన్ టెక్సస్ విడి దేశంగా ఉన్నప్పుడు దానికి అధ్యక్షుడనీ తెలిసిందే కాబట్టి పుట్టుక నుంచి ఏకరువు పెట్టను.

ఇద్దరూ ఎక్కిన మెట్లు ఒకటే. ఆ రోజుల్లో అప్పలాచియన్ కొండలకు పడమట ప్లీడరు కావడానికి కాలేజీ చదువు అక్కర్లేదు. పేరున్న ప్లీడరు ఆఫీసులో చేరి, దస్తావేజులకు నకళ్లు రాసి, అక్కడున్న నాలుగు పుస్తకాలు చదివి, జడ్జీలు అడిగినదానికి తడుముకోకుండా చెప్పగలిగితే సన్నదు వచ్చేసేది. జాక్సన్ నార్త్ కరోలినాలోని సాల్స్‌బరీలో చదివి 1787లో సన్నదు పుచ్చుకున్నాడు. మరుసటి ఏడే ప్రాసిక్యూటర్‌గా నాష్‌విల్ చేరాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. హ్యూస్టన్ 1818లో అదే నాష్‌విల్‌లో జేమ్స్ ట్రింబుల్ అనే ప్లీడరు దగ్గర చేరి, ఏడాదిన్నర చదువును ఆరు నెలల్లో పూర్తిచేశాడని చెబుతారు. పక్కనే లెబనాన్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టి, కొద్ది కాలానికే తనూ ప్రాసిక్యూటర్ అయ్యాడు.

జాక్సన్ వెళ్లేనాటికి నాష్‌విల్‌లో బాకీదార్లదే పైచేయి. అప్పిచ్చిన వ్యాపారులు గోడు చెప్పుకుందామంటే పట్టించుకునే ప్లీడరు లేడు. కొత్తగా వచ్చిన ఈ కుర్రాడు వాళ్ల తరఫున దావాల మీద దావాలు వేశాడు. నగదు కరువు కాబట్టి ఫీజు చాలాసార్లు భూమి రూపంలోనే ముట్టేది. అలా ప్లీడరు కాస్తా భూస్వామి అయ్యాడు. ఊరిని నిలబెట్టిన డొనెల్సన్ కుటుంబానికి అల్లుడూ అయ్యాడు. 1796లో టెన్నెసీ రాజ్యాంగం రాసిన సభలో సభ్యుడు, కాంగ్రెసు (అంటే అమెరికా పార్లమెంటు) దిగువ సభలో ఆ రాష్ట్రపు తొలి ప్రతినిధి, తర్వాత సెనేటర్, ఆ తర్వాత రాష్ట్ర సుపీరియర్ కోర్టు జడ్జి. పదేళ్లలో ఇన్ని!

మరి సైన్యం ఎక్కడిదంటారా? ఇక్కడే సరిహద్దు ప్రాంతాల, అంటే కొత్తగా జనం స్థిరపడుతున్న పడమటి ప్రాంతాల కిటుకు ఉంది. మిలీషియాకు, అంటే మామూలు జనంతో కూడిన రాష్ట్ర సైన్యానికి, మేజర్ జనరల్‌ని ఆఫీసర్లే ఓట్లేసి ఎన్నుకునేవారు. అంటే అదీ ఒక ఎలక్షనే. 1802లో జాక్సన్‌కూ, పాత యుద్ధాల వీరుడు జాన్ సెవియర్‌కూ ఓట్లు సరిసమానంగా వచ్చాయి. గవర్నర్ ఆర్చిబాల్డ్ రోన్ తన ఓటు జాక్సన్‌కు వేశాడు. సైన్యాన్ని నడిపిన అనుభవం లేని జడ్జిగారు అలా జనరల్ అయిపోయారు. హ్యూస్టన్ 1821లో అదే దారిన మేజర్ జనరల్ అయ్యాడు. కాకపోతే అతను ముందే యుద్ధం చూశాడు. 1814లో హార్స్‌షూ బెండ్ దగ్గర జాక్సన్ నాయకత్వంలోనే క్రీక్ తెగతో పోరాడి, తొడలో బాణం, భుజంలో రెండు గుళ్లు తిన్నాడు. జాక్సన్ కంట్లో పడింది అప్పుడే. తర్వాత కాంగ్రెసు సీటుకైనా, 1827లో గవర్నర్ పదవికైనా వెనక జాక్సన్ అండ ఉండనే ఉంది.

ఇంతవరకూ చూస్తే సొంతంగా ఎదిగినవాడు జాక్సనే, అందులో అనుమానం లేదు. అయినా నేను కొలిచేది వేరే. చేతికి తుపాకులొచ్చాక, తనకు అన్నం పెట్టిన చట్టాన్ని ఎవరెలా చూశారన్నదే నా లెక్కలో అసలు ప్రశ్న.

న్యూ ఆర్లీన్స్ సంగతి చూడండి. 1815 జనవరి 8న జాక్సన్ అక్కడ బ్రిటిష్ సైన్యాన్ని చిత్తు చేశాడు. నిజానికి సంధి మీద అంతకు రెండు వారాల ముందే యూరప్‌లో సంతకాలు అయిపోయాయి. కబురు రావడమే ఆలస్యం. గెలిచాక కూడా ఊళ్లో మార్షల్ లా (సైనిక పాలన) ఎత్తలేదు. లూయీ లువాయే అనే శాసనసభ్యుడు దీన్ని తప్పుబడుతూ పత్రికలో రాస్తే జైల్లో వేయించాడు. అతన్ని తన ముందు హాజరుపరచమని ఫెడరల్ జడ్జి డొమినిక్ హాల్ హెబియస్ కార్పస్ ఉత్తర్వు ఇస్తే, ఆ జడ్జినే అరెస్టు చేయించి ఊరి బయట వదిలిపెట్టించాడు. సైనిక కోర్టు లువాయేని నిర్దోషి అన్నా విడిచిపెట్టలేదు. ఇదంతా చేసింది చట్టం తెలియని సిపాయి అయితే సర్దుకోవచ్చు, చేసింది ఆరేళ్లు జడ్జిగా కూర్చున్నవాడు!

మార్చిలో సంధి కబురు వచ్చింది, మార్షల్ లా పోయింది, హాల్ తిరిగొచ్చాడు. కోర్టు ధిక్కారం కింద జనరల్‌కు వెయ్యి డాలర్లు జరిమానా వేశాడు. జాక్సన్ వచ్చి కట్టాడు. ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకున్న రోజుల్లో కట్టనని మొండికేసినా అడిగేవాడు లేడు. అందుకు అతనికి మార్కులు వేయాల్సిందే. 1844లో కాంగ్రెసు ఆ సొమ్ము వడ్డీతో సహా తిరిగిచ్చింది.

అదొక్కటే అయితే ఆ మార్కులతో సరిపెట్టేవాణ్ణి. 1818లో అప్పటికి స్పెయిన్ చేతిలో ఉన్న ఫ్లోరిడాలోకి చొరబడి ఇద్దరు బ్రిటిష్ పౌరులను పట్టుకున్నాడు. వాళ్లలో అంబ్రిస్టర్ అనే అతని మరణశిక్షను సైనిక కోర్టు కొరడా దెబ్బలకూ, ఏడాది కఠిన శిక్షకూ తగ్గించింది. జాక్సన్ ఆ తగ్గింపును కొట్టేసి కాల్పించేశాడు.

ఇప్పుడు హ్యూస్టన్. టెన్నెసీ వదిలి టెక్సస్ చేరాడు, మెక్సికో నుంచి విడిపోవాలని పోరాడుతున్న టెక్సస్ సైన్యానికి సేనాని అయ్యాడు. 1836 ఏప్రిల్ 21న సాన్ జసింటో దగ్గర 18 నిమిషాల్లో మెక్సికో సైన్యం కుప్పకూలింది. (ఇప్పుడు బోలెడుమంది తెలుగువాళ్లుంటున్న హ్యూస్టన్ నగరానికి ఆ చోటు దగ్గరే, 567 అడుగుల స్మారక స్తంభం ఉంది.) మర్నాడు మామూలు సిపాయి బట్టల్లో ఒకడు దొరికాడు. తోటి ఖైదీలు "ఎల్ ప్రెసిడెంటే" అని సెలూట్ కొట్టడంతో అతనే మెక్సికో అధ్యక్షుడు, సేనాని సాంటా అన్నా అని బయటపడింది. అంతకు కొద్ది వారాల ముందే టెక్సస్‌లోని అలమోలో, గోలియడ్‌లో టెక్సస్‌వాళ్లను చంపించిన మనిషి. ఉరి తీద్దామని సైనికులు రంకెలు వేస్తున్నారు. చీలమండ చితికి చెట్టు కింద పడుకున్న హ్యూస్టన్ ఒప్పుకోలేదు. మిగిలిన మెక్సికన్ దళాలు వెనక్కి వెళ్లాలన్న ఉత్తర్వు మీద అతని చేత సంతకం పెట్టించుకున్నాడు. చంపితే ఏమొస్తుంది, బతికి ఉంటే సంతకం పనికొస్తుంది అన్నది అచ్చం ప్లీడరు బుర్ర. అయితే ఆ 18 నిమిషాల తర్వాత లొంగిపోయినవాళ్లను తన సైనికులు నరుకుతుంటే ఆపలేకపోయాడు, అదీ చెప్పాలి.

1842లో మెక్సికో మీదికి దండెత్తాలని టెక్సస్ కాంగ్రెసు తీర్మానిస్తే, ఖజానాలో డబ్బు లేకుండా యుద్ధమేమిటని వీటో చేశాడు. 1861లో టెక్సస్ గవర్నర్‌గా ఉండి, కాన్ఫెడరసీకి (అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది బానిస రాష్ట్రాల కూటమికి) విధేయంగా ప్రమాణం చేయనన్నాడు. పదవి ఊడింది. లింకన్ సైన్యం పంపుతానంటే వద్దన్నాడు. కుర్చీ కోసం సొంత జనం మీదికి తుపాకులు తేలేదు. నా ఓటు హ్యూస్టన్‌కే పడేది ఇక్కడే.

అలాగని అతన్ని సాధువు అనుకోకండి. 1832లో వాషింగ్టన్ నడివీధిలో విలియం స్టాన్‌బరీ అనే కాంగ్రెసు సభ్యుణ్ణి చేతికర్రతో చితకబాదాడు. కోర్టు 500 డాలర్లు జరిమానా వేస్తే, దాన్ని మాఫీ చేసింది ఎవరనుకున్నారు, అధ్యక్షుడు జాక్సన్! ఇద్దరూ బానిసలను పెట్టుకున్నవాళ్లే, జాక్సన్ దగ్గరైతే వందకు పైగా ఉండేవారు. చెరోకీ అనే స్థానిక అమెరికన్ తెగ విషయంలో మాత్రం పోలికే లేదు. హార్స్‌షూ బెండ్‌లో తన పక్షాన పోరాడిన చెరోకీలను కూడా ఊళ్లు ఖాళీ చేయించే దారి 1830 చట్టంతో జాక్సన్ తెరిచాడు. కుర్రతనంలో వాళ్ల మధ్యే పెరిగిన హ్యూస్టన్ 1836లో టెక్సస్ చెరోకీలకు భూములిచ్చే ఒప్పందం రాశాడు. టెక్సస్ సెనేట్ దాన్ని తిరస్కరించింది. హ్యూస్టన్ తర్వాత టెక్సస్ అధ్యక్షుడైన మిరాబో లమార్ 1839లో వాళ్లను తరిమేశాడు.

లింకన్ సంగతేమిటని కొందరు అడుగుతారు. 1832లో బ్లాక్ హాక్ యుద్ధంలో కొన్నాళ్లు కెప్టెన్, అదీ ప్లీడరు కాకముందు. ఈ లెక్కలోకి రాడు. అలమోలో 26 ఏళ్లకే చనిపోయిన విలియం ట్రావిస్ కూడా ప్లీడరే గాని, పైకొచ్చే వ్యవధే లేకపోయింది. జేమ్స్ పోక్ టెన్నెసీ ప్లీడరు, అధ్యక్షుడు, కానీ యుద్ధరంగం ఎక్కలేదు.

మనిషిగా హ్యూస్టన్‌కే ఓటు వేసినా, చదవడం మాత్రం జాక్సన్‌తో మొదలుపెట్టండి. హ్యూస్టన్ ఎక్కిన నిచ్చెనకు మెట్లు వేసింది అతనే. 1788 నుంచి 1815 దాకా జాక్సన్‌ని చదివి ఆపేసి, హ్యూస్టన్‌కు మారండి. జాక్సన్ అధ్యక్ష పదవి, బ్యాంకుతో గొడవ విడిగా పెద్ద సబ్జెక్టు, దానికి తొందరేం లేదు.